చిన్నచేపలు ఎక్కడికి పోయాయంటే

అక్కా,

శనివారం చేపల రైతుల సభకి నువ్వు రావద్దు. జనం ఎంత పెరిగినా పస్తులుండవనీ, చేపల చెరువులే అందరి కడుపూ నింపుతాయనీ ఆ రోజు నేను మాట్లాడాలి. నువ్వు ముందు వరుసలో కూర్చుంటే నాకు నోరు పెగలదు.

"బజార్లో చిన్నచేపలు కంటికి కనబడటం లేదేంట్రా, పిల్లలకి ఏం వండిపెట్టను?" అని మొన్న అడిగావు కదా. సముద్రంలోనే పడటం లేదని చెప్పి తప్పించుకున్నాను. పడుతున్నాయక్కా. పడవ ఒడ్డుకి రాగానే మేత మిల్లువాళ్లు గంపలకి గంపలు ఎత్తుకుపోతున్నారు. ఎండబెట్టి, పొడి కొట్టి, మా చెరువులో చేపలకి మేతగా పంపుతున్నారు. అది తిని బలిసిన మా చేపలేమో ఐసు పెట్టెల్లో పెద్ద ఊళ్లకి పోతాయి. మీ వీధిలో వాటిని కొనగలిగేవాళ్లు ఎవరున్నారు?

ఇదంతా నాకు తెలియనిది కాదు. కానీ ఈ ఉదయం కొత్త బస్తా విప్పి గుప్పెడు మేత తీయగానే గుప్పుమని నీ వంటింటి వాసన వచ్చింది. ఆ గుప్పెడు తిరిగి బస్తాలో పోసేయబోయాను. ఈలోగా చేపలన్నీ నోళ్లు తెరుచుకుని గట్టు దగ్గరికి చేరాయి.

చల్లేశానక్కా.

నీ తమ్ముడు