నాను సూసుకున్నాను

జాలరిపేట, విశాఖపట్నం
అక్టోబరు 9, గురువారం

బావకు,

సాయిదుర్గ నమస్కారాలతో రాసే సంగతులు. ఇక్కడ అత్త, మామ, నేను క్షేమం. గుజరాత్ వెరావల్‌లో నువ్వూ, మీ బోటులో మనవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. క్షేమం ముందు రాయాలి కాబట్టి రాశాను. నా సంగతి కాసేపాగి రాస్తాను. దీన్ని ఒక్కడివే కూర్చుని చదువు. పక్కనున్నవాళ్ళకు చదివి వినిపించకు.

కన్నబాబు దసరాకు వచ్చిన రోజే నీ ఉత్తరం నా చేతికిచ్చాడు. "రెండ్రోజులు రాసాడొదినా. ఓ పక్క మేం సేపలేరతంటే, ఈడు పెన్ను నములుతా కూకున్నాడు" అన్నాడు. నవ్వొచ్చింది. పెళ్ళికి ముందు నెల రోజులు ఫోనులో నువ్వు అన్నది "తిన్నావా" ఒక్కటే. ఇప్పుడు నాలుగు పేజీలు రాశావు. అన్నీ వరసగా జవాబు చెప్తాను.

రేకు కారడం ఆగింది. మామే ఎక్కి తారు రాశాడు, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. అత్త మోకాలు అలాగే ఉంది. అయినా తెల్లారకుండానే గంప పట్టుకుని హార్బరుకు పోతుంది, చెప్తే వినదు. రొయ్యల కంపెనీకి నేను వెళ్ళడం లేదు, మూడు వారాలైంది. బీచికి వెళ్తున్నావా అని అడిగావు. వెళ్ళడం లేదు బావా. మన సందు దిగడం బాగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు రెండుసార్లు కూర్చోవాల్సొస్తోంది.

ఫోనులో సరిగా మాట్లాడనని కోప్పడ్డావు. నువ్వు గట్టుకొచ్చి ఫోను చేస్తే నీ చుట్టూ నలుగురుంటారు, నా పక్కన అత్త ఉంటుంది. స్పీకరు పెట్టమంటుంది. స్పీకరులో చెప్పే మాటలు కావు ఇవి.

నీ మూడో పేజీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "అమ్మ సెప్పింది, నిజమేనా? సూసుకున్నానన్నావు గదే, దొంగా. నాను వద్దంటానని దాసావు కదూ? నాకు కోపం లేదు. బోటులో అందరికీ మిఠాయి పెడతానన్నాను. ఆడగుంటైతే మా నాయనమ్మ పేరెడదాం" అని రాశావు.

నిజమే. నాలుగు నెలలు నిండాయి. కానీ నువ్వనుకున్నట్టు బిడ్డ మీద ఆశతో నిన్ను మోసం చెయ్యలేదు. మోసం చేసిన మాట నిజమే, అది వేరే మోసం.

నాకు గుండె జబ్బు ఉంది బావా. పదకొండేళ్ళప్పుడు జ్వరం వచ్చి కీళ్ళు వాచాయి. అది తగ్గిందనుకున్నాం, గుండెలోకి పోయిందని తర్వాత తెలిసింది. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజెక్షన్ వేయించుకుంటాను. ఆ ఇంజెక్షన్ నడుము నొప్పికని నీకు చెప్పాను. మీవాళ్ళు నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు ఈ మాట చెప్పాలని నాకుంది. అమ్మ నోరు నొక్కేసింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారట. ఆ వెయ్యిలో ఒక్కటి అమ్మది, మిగిలినవన్నీ నావే అనుకో.

పెళ్ళికి నెల ముందు, మే నెలలో, అమ్మా నేనూ పెద్దాసుపత్రికి వెళ్ళాం. నన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్న డాక్టరమ్మ దగ్గరకే. ఆవిడ ఏమీ దాచలేదు. "పెళ్ళి చేసుకో, వద్దనను. కానీ గుండెలోకి బెలూన్ పంపి ఆ ఇరుకు వెడల్పు చేయించుకునేదాకా నీకు కడుపు రాకూడదు. మొదటి రాత్రికి ముందే ఏదో ఒక పద్ధతి ఎంచుకో. అందరిలా తరవాత చూద్దాంలే అనుకునే వీలు నీకు లేదమ్మా" అంది. బెలూన్ పెళ్ళికి ముందే చేస్తానంది కూడా. ఆసుపత్రిలో పడుకుంటే ఊరంతా తెలిసి సంబంధం తప్పిపోతుందని అమ్మ ఒప్పుకోలేదు.

ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి చూపించింది. రోజూ మింగే మామూలు మాత్రలు నాకు పనికిరావట, నా గుండెకు నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉందట. చేతిలో చర్మం కింద పెట్టే సన్నటి పుల్ల ఉంది. అది తడిమితే తెలిసిపోతుందని అమ్మ భయం. లోపల పెట్టే కాపర్ టీ ఉంది. "పెళ్ళికాని పిల్లకి అదేటమ్మా" అని అమ్మ చెవులు మూసుకుంది. నిరోధ్ ఉంది. "అది మగోడి సేతిలో పని. అడిగితే ఎందుకంటాడు" అంది. ఇక మిగిలింది మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్. నేను దాన్నే ఎంచుకున్నాను. ఎవరో చెబితే కాదు, అన్నీ విని, అడిగి, నా అంతట నేను ఎంచుకున్నాను. ఇంజెక్షన్ వేయించుకున్నా, మొగుడు నిరోధ్ కూడా వాడితే ఇంకా మంచిదని డాక్టరమ్మ అంది. ముట్టు వచ్చిన వారంలోపు వచ్చి వేయించుకోమని రోజు కూడా రాసిచ్చింది. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నప్పుడు, నా బతుకు నేను చక్కబెట్టుకున్నానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

బయటికొస్తుంటే నర్సు ఒక మాట అంది. ఈ ఇంజెక్షన్‌కు కొందరికి వేళ కాని వేళ నెత్తురు చుక్కలు కనిపిస్తాయి, కంగారు పడొద్దు అని. మంచికే చెప్పింది పాపం. అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

"సుక్కలేటే? పెళ్ళిలోనా? మూడో నాడు వాళ్ళ తెప్పకి నువ్వు పసుపు రాయాల. గంగమ్మ తల్లి కాడ దీపమెట్టాల. ఆ పూట దూరమయ్యావంటే, రేపు సముద్రంలో ఆడికి ఏటన్నా అయితే ఆ మాట నీ నెత్తినే పడతాది. నీ బతుకంతా ఇనాల" అంది.

నేను వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. కానీ నేనూ ఈ సముద్రం ఒడ్డున పుట్టినదాన్నే కదా. ముట్టులో ఉండి తెప్ప ముట్టుకుందని మా వీధిలో ఒకావిడను, మొగుడు తిరిగి రాకపోయాక ఇరవై ఏళ్ళు ఆడిపోసుకున్నారు. అది అబద్ధమని నా చదువు చెప్తుంది. చెప్పినా, నువ్వు వేటకెళ్ళే తెప్ప అది. నాకు ధైర్యం చాలలేదు.

రాసిచ్చిన రోజున ఆసుపత్రికి వెళ్ళలేదు. మళ్ళీ వచ్చే ముట్టు సరిగ్గా పెళ్ళి రోజుల్లో పడేలా ఉంది. అమ్మ మందుల షాపు నుంచి ముట్టు వాయిదా వేసే మాత్రలు తెచ్చింది. గుడికి వెళ్ళేటప్పుడూ పెళ్ళిళ్ళలోనూ మన ఆడవాళ్ళందరూ మింగేవే. రోజుకు మూడు. "రెండు పన్లూ అయిపోతాయి. ముట్టే ఆగిపోతే కడుపెలా ఒస్తాదే?" అంది అమ్మ. నాకూ అది నిజమే అనిపించింది. అయితే ముట్టు రావాలి, లేకపోతే కడుపు రావాలి. ముట్టును మందేసి ఆపాం కదా, ఇంక కడుపుకు దారేది అనుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని. వీధిలో ఎవరికి ఆసుపత్రి కాగితం వచ్చినా నా దగ్గరకే తెచ్చి చదివించుకుంటారు. నా మాత్రల అట్ట మీద ఏముందో మాత్రం నేను చదవలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను. ఇది రాయడానికే మూడు కాగితాలు చింపాను.

మన కార్యం నాడు నువ్వు తలగడ కింద నుంచి ఒక పేకెట్ తీశావు. సిగ్గుతో నా మొహం చూడకుండా గోడకేసి మాట్లాడావు. "కన్నబాబు ఇచ్చాడు. ఈ ఏడు పిల్లలొద్దనుకుంటన్నాను. ఇప్పుడొస్తే పుట్టేయేలకి నాను గుజరాత్‌లో ఉంటాను. మొదటి బిడ్డని నాను ఎత్తుకోవాల" అన్నావు.

ఏ మొగుడు అంటాడు ఆ మాట? నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. నవ్వాను. "నాను సూసుకున్నాను, అది దాసెయ్" అన్నాను. "నిజంగానా?" అన్నావు. "ఏటి, నమ్మకం లేదా?" అన్నాను. నువ్వు నమ్మావు. పేకెట్ అటక మీద పెట్టేశావు.

సరే అని ఉంటే సరిపోయేది. నువ్వు ఎందుకని అడిగేవాడివి కూడా కాదు, వద్దనుకోవడానికి కారణం నీకే ఉంది. కానీ నాకు అన్నీ తెలుసని నీ ముందు గొప్పగా ఉండాలనిపించింది. ఈ మాట ఒప్పుకోవడం జబ్బు సంగతి ఒప్పుకోవడం కంటే కష్టంగా ఉంది.

తరవాత తెప్పకు పసుపు రాశాను. అందరూ చల్లగా ఉండమన్నారు. మాత్రలు ఆపాను, ముట్టు రాగానే ఇంజెక్షన్ వేయించుకుందామని చూశాను. రాలేదు. ఆ మాత్రలు మింగితే నెలలు తప్పుతాయని అమ్మ అంది, షాపతనూ అన్నాడు. ఆషాఢం అమ్మ దగ్గర అలా చూస్తూనే గడిచిపోయింది. నువ్వు వెళ్ళాక శ్రావణమూ గడిచింది. నాకే అనుమానం వచ్చినా ఆసుపత్రికి వెళ్ళడానికి భయమేసింది. కంపెనీలో రొయ్యలు ఒలుస్తూ ఊపిరి అందక పడిపోయిన రోజున వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ మాత్రలు ముట్టును వెనక్కి జరుపుతాయమ్మా, అంతే. కడుపును ఆపవు. షాపు నుంచి నాకొక్క ఫోను చేసుంటే సరిపోయేది కదా" అంది. తరవాత నా కాగితాలు పట్టుకుని పై డాక్టర్ల దగ్గరకు వెళ్ళింది.

నలుగురు పెద్ద డాక్టర్లు మాట్లాడుకున్నారు. ఈ బిడ్డను నా గుండె మొయ్యలేదట. ఉంచుకుంటే ఏడో నెల దాటడం కష్టం, దాటినా ప్రసవంలో ఇద్దరం దక్కమని చెప్పారు. ఇప్పుడు తీసేస్తే నేను బతకొచ్చు. బతుకుతావని మాత్రం ఎవరూ అనలేదు, నాలుగైదుసార్లు అడిగాను. ఈ నెలల్లో కవాటం ఇంకా చెడిందట. ఇక బెలూన్‌తో అయ్యేది కాదు, గుండె కోయాలి. "ఆ పైన పిల్లల మాట తలపెట్టొద్దు" అన్నారు. ఆడగుంటైనా మగగుంటడైనా నువ్వు ఎత్తుకునే బిడ్డ నా దగ్గర నుంచి రాదు బావా. అందుకే నీ మూడో పేజీ అన్నిసార్లు చదివాను.

సోమవారం చేరుతున్నాను. మొగుడి సంతకం కావాలా అని అడిగాను. "నీకు ఇరవై మూడేళ్ళు. నీ సంతకం చాలు" అంది డాక్టరమ్మ. చాలడం నాకు నచ్చలేదు. నీ సంతకం కావాలని అనుంటే నిన్ను పిలిపించుకునేదాన్ని.

అత్తకు ఇంకా తెలీదు. ఆదివారం అమ్మ వచ్చి చెప్తానంది. పురిట్లో నాకు వండి పెట్టాలని అత్త ఇప్పటి నుంచే పాలసొర చేప ముక్కలు ఎండబెట్టి డబ్బాలో దాస్తోంది. నిన్న వాటికి నాచేతే ఉప్పు పట్టించింది. "బాగా పామే, పిల్లకి పాలు పడతాయి" అంది. పామాను. నేను ఏడుస్తున్నానని ఆవిడ చూడలేదు. చూసినా ఉప్పు మంట అనుకునేది.

అమ్మను తిట్టుకుంటున్నావేమో. వద్దు. ఆవిడ సగం చిక్కిపోయింది. "నానే సంపేసేనే నిన్ను" అని ఒకటే మాట. నువ్వు బాగుండాలని చేశాం ఇదంతా, నీ మీద సముద్రం కన్ను పడకూడదని. అది నిజం. ఆ నిజం ఇప్పుడు ఎవరికి పనికొస్తుందో నాకు తెలీదు. నాకైతే ఆశ లేదు. నేను బతికొచ్చినా నువ్వు నాతో ఉంటావన్న ఆశ కూడా లేదు. ఉండమని అడిగే మొహం కూడా లేదు. మీ అమ్మ నీకు ఇంకో పెళ్ళి చేస్తానంటే చేసుకో, అడ్డు చెప్పను. ఇది అలిగి రాయడం లేదు.

కన్నబాబు ఈ ఉత్తరం పట్టుకుని శనివారం బండెక్కుతున్నాడు. మీ బోటు దీపావళికి గట్టుకొస్తుందట. అంటే నువ్వు ఇది చదివేనాటికి సోమవారం వెళ్ళిపోయి వారమవుతుంది. నా సంగతి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది. మీ అమ్మకు ముందు చెయ్యకు, నా నంబరుకు ఫోను చెయ్యి. నేను ఎత్తితే తిట్టు. నీ కడుపులో ఎంత కోపం ఉంటే అంతా తిట్టు, మారు మాట్లాడకుండా వింటాను. మా అమ్మ ఎత్తితే మాత్రం ఏమీ అనకు బావా. తిన్నావా అని అడిగి పెట్టేయ్.

ఇట్లు,
ఇప్పటికి నీ భార్య,
సాయిదుర్గ