చర్చి గుమ్మం, పచ్చబొట్ల గుమ్మం

ఎల్క్ బెండ్ నగర స్థల నియమాల అధికారి ఆర్విడ్ థోర్స్‌గార్డ్ గారికి, రోవెనా కుబిట్స్కి నమస్కారాలు.

అయ్యా, దొరికేసింది! చేపల ఎరలమ్మే కొట్టు మూతపడింది కదా, దాన్ని నేనే అద్దెకు తీసుకున్నాను. అడ్వాన్సు కోసం మోటారుసైకిలు అమ్మేశాను. ఇన్నేళ్లూ ఒకరి కొట్లో సూది పట్టినదాన్ని, ఇప్పుడు నా సొంత పచ్చబొట్ల దుకాణం! గోడలకు రంగులు కూడా అయ్యాయి. మీరు ఊఁ అంటే రేపే తెరుస్తాను.

ఇట్లు,
కాలు నేలమీద నిలవని రోవెనా

తా.క. చేపల వాసన పోలేదు. మొదట వచ్చినవాళ్లకు చేప బొమ్మే వేస్తాను.

*

రోవెనా గారికి,

ఆలూ లేదు, చూలూ లేదు, మీరు రంగులు కూడా వేసేశారు! మన ఊళ్లో పచ్చబొట్ల కొట్టు గుమ్మానికీ చర్చి గుమ్మానికీ మధ్య నడిచే దారిన అయిదు వందల అడుగులుండాలి. మంచులో నేనే టేపు పట్టాను. ఎదుటి లూథరన్ చర్చికి మీరు మరీ దగ్గర. అనుమతి కుదరదు.

భవదీయుడు,
థోర్స్‌గార్డ్

తా.క. రెండుసార్లు జారిపడ్డాను. జారిన దూరం లెక్కలో కలపలేదు.

*

థోర్స్‌గార్డ్ గారూ,

ఉపాయం తట్టింది! వీధి తలుపు మూసేసి, గోడ పగలగొట్టించి, చర్చికి దూరంగా ఆ చివర గుమ్మం పెట్టించాను. పరుగున వచ్చి కొలవండి!

ఇంకో సంగతి. చర్చి కుట్టుపని బృందం ముసలమ్మలు రోజూ నా కిటికీ అద్దానికి ముక్కులానించి చూస్తున్నారు. సోల్వేగ్ అనే ఆవిడ చేతికర్ర ఊపుతూ, "ఏమ్మాయ్, ఎప్పుడు తెరుస్తావ్? తేదీ చెప్పు" అని నిలదీసింది. నినాదాల అట్టలు పట్టుకుని గొడవకు రావడానికేగా! నేను చెబుతానా?

ఇట్లు,
రోవెనా

తా.క. ఓ పళ్లెం నిండా మాంసం, బంగాళాదుంపల వంటకం కూడా ఇచ్చి వెళ్లింది. లంచమో, విషమో! సగం తిన్నాను, ఇంకా బతికే ఉన్నాను.

*

రోవెనా గారికి,

కొలిచాను. చర్చి ముందు గుమ్మం నుంచి దూరం సరిపోయింది. కానీ నిన్ననే వాళ్లు మీ వైపు గోడకు కొత్త తలుపు పెట్టించారు, చేతికర్రలవాళ్ల కోసం ఏటవాలు దారితో సహా. నియమం దగ్గరి గుమ్మాన్నే చూస్తుంది. మళ్లీ కుదరదు. గురువారం నగర సభలో మీ మాట చెప్పుకోవచ్చు.

భవదీయుడు,
థోర్స్‌గార్డ్

తా.క. టేపు గడ్డకట్టి చుట్టుకోవడం లేదు. మెడలో వేసుకునే ఆఫీసుకొచ్చాను.

*

థోర్స్‌గార్డ్ గారూ,

చూశారా, కావాలనే పెట్టారు! గురువారం వస్తాను, వాళ్ల దొంగభక్తి అందరిముందూ కడిగేస్తాను. ఈ కొట్టు పోతే నాకు ఇంకో దారి లేదండీ. కోపమూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

ఇట్లు,
రోవెనా

తా.క. పళ్లెం తిరిగిచ్చేశాను. కడిగే ఇచ్చాను, నేనేం మొరటుదాన్ని కాను.

*

రోవెనా గారికి,

నిన్న సభలో అరిచేసి, తలుపు దఢాలున వేసి వెళ్లిపోయారు. కాస్త ఆగాల్సింది! మీరు అటు వెళ్లగానే సోల్వేగ్ గారు లేచారు.

"ఆ తలుపు పెట్టించిందే ఆ పిల్ల కొట్టుకి పోడానికయ్యా! ఈ మోకాళ్లతో చుట్టు తిరగలేక. పోయిన మా ఆయనల పేర్లు చేతిమీద రాయించుకుందామని బృందమంతా అనుకున్నాం. తేదీ అడిగితే చెప్పి చావదే! మా తలుపే దానికి అడ్డమైతే ఇప్పుడే మూసేస్తాం. మోకాళ్లు మావి, ఈడ్చుకుంటూ పోతాం, మీకేం?"

చర్చివాళ్లంతా సరేనని చేతులెత్తారు. ఈ పొద్దున ఆ తలుపుకి చెక్కలు కొట్టేశారు. మళ్లీ కొలిచాను. సరిపోయింది, రోవెనా గారూ, సరిపోయింది! అనుమతి ఇందులోనే పెట్టాను. తెరవండి!

భవదీయుడు,
ఆర్విడ్

తా.క. సోల్వేగ్ గారు మా అమ్మ. మొదటి వంతు ఆవిడది, మా నాన్న పేరు. రెండోది నాది. మణికట్టు దగ్గర, చొక్కా చేతికింద దాగేలా, ఓ చిన్న కొలత టేపు. బాగా నొప్పెడుతుందా?