ఫార్మాట్ తప్పిన చద్దర్లు

మంగళవారం

మగ్గం మీద నేసే చద్దర్ల కోసం కోడలు సునీత గీసిన డిజైన్లన్నీ కంప్యూటర్‌లోంచి పోయాయని నిన్న ఇక్కడ రాశాను. తప్పు. నా కొడుకు మాట నమ్మి రాశాను.

విండోస్ అప్‌డేట్ అయ్యాక తెర ఖాళీగా వచ్చింది. ఇవాళ వాడు మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తానని కూర్చున్నాడు. పక్కన సునీత ముఖం పాలిపోయింది. ఆ డిజైన్లు ఆమె రెండేళ్ల కష్టం.

"పోగు తెగితే ముడేస్తవా, పడుగంతా కోస్తవా రా?" అన్నాను.

"అమ్మా, ఇది మగ్గం కాదు. నువ్వు గప్ కూసో."

రిటైరయ్యేదాకా ఆఫీసులో కంప్యూటర్లతో వేగినదాన్ని, గప్ ఎలా కూర్చుంటాను? వాణ్ణి కుర్చీలోంచి లేపాను. సునీత పాత ఖాతా తెరవలేక విండోస్ తాత్కాలికంగా కొత్తది ఇచ్చింది. ఆ మాట తెర మూలన వచ్చిందట, వీడు చదవకుండానే మూసేశాడట! సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే సునీత పేరు కింద నెమళ్లు, ఏనుగులు అన్నీ భద్రంగా ఉన్నాయి.

"ఉన్నయ్ అత్తమ్మా!" అని సునీత నా చేయి పట్టుకుంది.

వాడు మాత్రం, "అయినా ఫార్మాట్ కొడితేనే మంచిగుంటది" అంటాడు. పాత ఖాతా ఇంకా తెరుచుకోవడం లేదు మరి...

రేపు పొద్దున బస్సుకు సునీతను మా ఊరు కుంభారి నుంచి సోలాపూర్ పంపి, డిజైన్లు ఎక్కించుకోవడానికి పెన్‌డ్రైవ్ తెప్పించాలి. అది వచ్చేదాకా కంప్యూటర్ కరెంటు వైరు నా బీరువాలో పెట్టి తాళం వేయాలి.