పదో సంతకం

బుధవారం, రాత్రి

రేపు మూడింటికి నామినేషన్ల గడువు తీరుతుంది. నన్ను ఎమ్మెల్యే పోటీకి బలపరుస్తూ పదిమంది సంతకం చేయాలి. తొమ్మిదే ఉన్నాయి. పదోది పెడతానన్న మల్లేశం, నాతో మరమగ్గాలు నడిపేవాడు, పొద్దున వెనక్కు తగ్గాడు.

"సంతకం పెడితే సాంచెల మీదికి రావద్దన్నడు సేటు. జర మాఫ్ చెయ్యి బావా."

"నలుగురిల నోరిప్పవు, అసెంబ్లీల ఏం మాట్లాడుతవ్?" అంది నా భార్య.

పోయిన ఎన్నికల్లో ఒక నాయకుడు ఓట్లడగడానికి వస్తే మా మరమగ్గాల షెడ్డులో ఒక్క సాంచె ఆపలేదు. ఆ చప్పుడులోనే నా భార్య మా ఊరి ఆస్పత్రికి డాక్టరు కావాలని అరిచింది. ఆయన నవ్వుతూ తలూపాడు. మేమైతే పెదవులు చూసి మాట పోల్చుకుంటాం. ఆయన ఆమె ముఖమే చూడలేదు.

"మాట్లాడుడు రాదు గని, ఇనుడొస్తది నాకు" అన్నాను.

ఆమె చాలాసేపు దగ్గింది. తర్వాత కాగితం దగ్గరకు లాక్కుని పదో సంతకం పెట్టింది.

ఆమె కండెలకు నూలు చుట్టేది కూడా ఆ సేటు దగ్గరే. రేపు షెడ్డు లోపలికి రానిస్తాడో లేదో...