ఎడమచేతి ముడులు

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. రాత కోడలిది, మాట నాది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

మీ అన్నయ్య పోయి నాలుగు నెలలు. ఆయనతో పాటే నా సవతి కూడా వదిలిపోతుందనుకున్నా. పోలేదు. షెడ్డులో అలాగే ఉంది, ఆ రెండు సీట్ల ఎర్ర కారు. ముప్ఫై ఏళ్ల బండి. పెట్రోలు కంటే ఇంజనాయిలే ఎక్కువ తాగుతుందని నువ్వే వెక్కిరించేవాడివి. అర లీటరు పోసినప్పుడల్లా ఆయన షెడ్డు తలుపు పక్కనున్న తాడుకు ఒక ముడి వేసేవాడు. నాకు చదువు రాదు కదా, ఎంత తాగిందో నేనూ చూసి తిట్టుకోవాలని.

ఆయన పోయిన రోజున ఆ తాడుకు పదకొండు ముడులు. ఇప్పుడు పదిహేను.

బండికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా సూదుల పెట్టెలో ఉంది. అయినా డబ్బాలో ఆయిల్ తగ్గుతోంది. మొన్న మంగళవారం మోకాళ్ల చికిత్సకు వెళ్లి వచ్చేసరికి షెడ్డు నిండా కాలిన ఆయిల్ వాసన. బానెట్ మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. నలభై ఏళ్లు కుట్టుపని చేసినదాన్ని, ముడి చూస్తే వేసిన చెయ్యి తెలుస్తుంది నాకు. ఆ కొత్త ముడులు నాలుగూ ఎడమచేతివి. మీ అన్నయ్యది ఎడమచేతి వాటమని నీకు నేను చెప్పాలా?

నువ్వు ఇంజన్లు విప్పడంలోనే జుట్టు నెరిసినవాడివి. వచ్చి దాన్ని పీకి తుక్కుకి వెయ్యి. కోడలు కలం ఆపింది. "తుక్కుకా అత్తయ్యా?" అంటోంది. తుక్కుకే. రాయి.

ఇట్లు,
నీ వదిన, వేలిముద్ర


మరిదీ,

నీ జవాబు కోడలు చదివి వినిపించింది. "నిలబడ్డ ఇంజను ఆయిల్ తాగదు వదినా, కింద కారుతుందేమో అట్ట పరిచి చూడు" అన్నావు. పరిచాను. వారం ఉంచాను. అట్ట మీద చుక్క లేదు. "కారకపోతే కాలుస్తోంది. రింగులు అరిగాయి, వాల్వు సీళ్లు పోయాయి. స్టార్టు చేయగానే నీలం పొగ రావాలి" అన్నావు. స్టార్టు చేసేదెవరయ్యా? శుక్రవారం చికిత్స నుంచి వస్తుంటే మా సందు మొదట్లోనే నీలం పొగ తేలుతోంది. మోకాళ్లు మర్చిపోయి పరిగెత్తాను. షెడ్డు తలుపు వేసే ఉంది. తాడుకు పదహారో ముడి.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. కోడలా, రాసి మర్చిపో. ఆఖరి నెలలో ఆయన చేతులు వణికేవి. ఎక్కడ గుద్దుతాడోనని తాళంచెవి నేనే దాచాను. "ఒక్కసారి ఎక్కి కూర్చుంటానే" అని రోజూ అడిగేవాడు. పోయింది, కనబడలేదు అన్నాను. సూదుల పెట్టె ఆయన మంచం పక్కనే ఉండేది. ఆయన దానివైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వే నన్ను తింటోంది మరిదీ. ఎక్కకుండానే పోయాడు, అందుకే ఇప్పుడు ఎక్కుతున్నాడు. నా మీద కోపం తీరేదాకా దిగడు. తొందరగా రా.

నీ వదిన, వేలిముద్ర


మరిదీ,

ఆగు. తుక్కు వద్దు.

నీ రెండో ఉత్తరం చదువుతూ కోడలు ఒకచోట ఆగిపోయింది. "నోరు పడిపోయిందా, చదువు" అన్నాను. చదివింది. "వదినా, నీ ఉత్తరాలు చూస్తే ఒళ్లు జలదరిస్తోంది. అన్నయ్య రాసినవాటిలాగే అక్షరాల మీద సిరా అలుక్కుపోయి ఉంది. ఎవరు రాస్తున్నారు?"

దాని చెయ్యి లాగి చూశాను. ఎడమచెయ్యి. చిటికెనవేలి పక్కంతా సిరా. ఆ చేత్తోనే కూరలు తరిగింది, ఆ చేత్తోనే నా మోకాళ్లకు మందు రాసింది, నా ఎదురుగానే కూర్చుని ఇదంతా రాసింది. చచ్చినవాడి కోసం వెతుకుతూ బతికున్నదాని చెయ్యి చూడలేదు నేను.

"రెండో తాళంచెవి మావయ్య నాకిచ్చారు అత్తయ్యా. నడపడం ఆయనే నేర్పారు. ఆఖరి నెలంతా మీరు చికిత్సకు వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. చెబితే మీరు చంపేస్తారని..."

"చంపేదాన్నే. మరి ఆయన పోయాక ఎందుకు తిప్పావే?"

"నిలబెట్టేస్తే పాడవుతుంది, తిప్పుతూ ఉండమన్నారు. ఆయిల్ పోస్తే ముడి మర్చిపోకు, మీ అత్త చూస్తుంది అన్నారు."

తిట్టాను. తిట్టి తిట్టి ఏడ్చాను. తిరిగాడు మరిదీ. కడుపు నిండా తిరిగాడు. ఆ నవ్వు అందుకు.

తాడు దించి ముడులు చూసుకున్నాం. ఆయన పోయాక కోడలు వేసినవి ఐదు. సరిపోయాయి. ఆ రోజు నుంచీ రెండు తాళంచెవులూ నా పెట్టెలోనే ఉన్నాయి. నేను చికిత్సకూ పోలేదు, కోడలు నా కళ్లముందు నుంచి కదలనూ లేదు.

ఈ ఉదయం పదిహేడో ముడి ఉంది. ఎడమచేతిదే. ఇంకా ఆయిల్ తడి ఆరలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విప్పలేదు.

నువ్వు రా. సీళ్లు మార్చు, రింగులు మార్చు, పొగ తగ్గించు. వచ్చే మంగళవారం నన్ను అందులోనే చికిత్సకు తీసుకెళ్తానంది కోడలు. ఉన్నవి రెండే సీట్లు. మూడోవాడు ఎక్కడ కూర్చుంటాడో ఆయనిష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, దాని తాగుడు పూర్తిగా మాన్పించకు. కొంచెం తాగనీ.

ఈసారి సిరా వద్దన్నాను. వేలు ఇంజనాయిల్లో ముంచి వేస్తున్నాను.

నీ వదిన