గుడ్డ అట్టలు

అమ్మా,

మన మార్మన్ క్రైస్తవ సంఘం వదిలేశానని చెప్పిన రోజు నుంచి నువ్వు నా ఫోనెత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

నాలో ఆ నమ్మకం పోయింది, ఉన్నట్టు నటించలేను. లేఖనాల పుస్తకాలన్నీ నిన్న పాత కాగితాల కొట్టుకు తీసుకెళ్ళాను. "ఈ గుడ్డ అట్టలు చింపేసి ఇవ్వండమ్మా, మాకు కాగితమే కావాలి" అన్నాడు కొట్టతను. నా స్కూలు గౌనులో మిగిలిన గుడ్డతో నువ్వు మిషను మీద కుట్టిన అట్టలవి. చింపడానికి చేతులు రాలేదు. పుస్తకాలను అట్టలతోనే గుండెకు హత్తుకుని, దారంతా ఏడుస్తూ తిరిగి తెచ్చుకున్నాను.

నేనిక వాటిని చదవను, పారెయ్యనూ లేను. నీ దగ్గరుంటేనే వాటికి మర్యాద. పోస్టులో పంపమని మాత్రం అనకు. వాటి కోసమైనా ఒక్కసారి రా అమ్మా. నాతో మాట్లాడకపోయినా సరే.

నీ చిన్నది