అవిసె గింజల సీసా

నాన్నా, డ్యూటీకి వెళ్తున్నాను, సాయంత్రం గానీ రాను. అవిసె గింజలు నిండుకున్నాయి. నిన్ననే తేవాల్సింది, మర్చిపోయాను. సీసా ఖాళీగా ఉందని చెప్పులేసుకుని ఆ పెద్ద ఆరోగ్యాహారం షాపుకి బయల్దేరకు. మన వీధి చివరి కిరాణా కొట్లోనే దొరుకుతాయి. లోపలికి వెళ్తే పక్షుల మేత పక్కన, కింది అరలో ఉంటాయి. వంగకుండా కొట్టు అక్కయ్యని అడుగు. "మా అమ్మాయి తీసుకెళ్ళేవి" అంటే చాలు, తీసిస్తుంది. తెచ్చాక సన్నసెగ మీద వేయించు, చిటపటలాడగానే దించెయ్.

అవును, నేను తీసుకెళ్ళేవే. నీ గుండె ఆపరేషన్ అయిన నెల నుంచీ ఆ సీసాలో పోస్తున్నవి అవే. సీసా ఒక్కటే పెద్ద షాపుది. "కిరాణా కొట్టు సరుకు పశువులు కూడా ముట్టవు" అంటూ నువ్వు పొద్దున్నే చెంచాడు నమిలేది ఆ సరుకే. మొన్న డాక్టరు గారి బల్ల మీద సీసా పెట్టి, "అంతా దీని చలవేనండీ" అని నువ్వు చెబుతుంటే, నేను గోడ మీది క్యాలెండర్ చదువుకుంటూ కూర్చున్నాను. రిపోర్టు బాగానే వచ్చింది కాబట్టి ఆయనా తలూపేశారు.

చెబితే తినడం మానేస్తావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. తప్పే.

అన్నట్టు, పెద్ద షాపుకి ఇరవై రెండు మెట్లు. మొదటి సీసా తెచ్చిన రోజే లెక్కపెట్టాను. కోపమొస్తే సాయంత్రం నేనొచ్చాక తీరిగ్గా తిట్టు. మెట్లు మాత్రం ఎక్కకు.